దవడ కీలు నొప్పికి లేజర్: పెట్టించుకునే ముందు, పెట్టించుకునేటప్పుడు, ఆ తర్వాత

ఒడిశా రాయగడలో నాది బ్లౌజులు కుట్టే చిన్న షాపు. 17 ఏళ్ళుగా మెషిన్ ముందే కూర్చుంటున్నాను, ఈ 17 ఏళ్ళూ కత్తెర వెతుక్కునే ఓపిక లేక దారం పళ్ళతోనే కొరికాను. నోరు తెరిచినప్పుడల్లా కుడి చెవి ముందు టక్కుమనేది, నొప్పి లేదు కదా అని వదిలేశాను. కిందటేడు దసరా గిరాకీలో అర్ధరాత్రి దాటాక పడుకుని పొద్దున లేచేసరికి దవడ పట్టేసింది, ఇడ్లీని నాలుగు ముక్కలు చేసి లోపలికి తోసుకోవాల్సి వచ్చింది. చెవి పోటు అనుకుని చెవి డాక్టరు, ఆ తర్వాత పళ్ళ డాక్టరు, ఫిజియో, చివరికి లేజర్. ఈ తిరుగుడంతా అయ్యాక షాపుకొచ్చే వాళ్ళు, "అక్కా, ఆ లైట్ ట్రీట్‌మెంట్ ఎక్కడ?" అని అడుగుతున్నారు. చిరునామా చెప్పి పంపేస్తే సరిపోదని తెలిసింది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. నా చేత చేయించినవి, అడిగి తెలుసుకున్నవి, చదివినవి ఇవి.

ముందు తేల్చుకోవాల్సింది: నొప్పి దవడ కీలుదేనా?

చెవి రంధ్రానికి కాస్త ముందు వేలు పెట్టి నోరు తెరిచి మూయండి, ఎముక కదలడం తెలుస్తుంది. అదే దవడ కీలు. కింది దవడ ఎముక గుండు ఒకటి, పైన పుర్రెలో దానికి గుంట, రెండింటి మధ్య మెత్తటి డిస్కు. ఆ డిస్కు ముందుకి జారి, నోరు తెరిచేటప్పుడు మళ్ళీ చోటికి వస్తుంటే టక్ శబ్దం. జారి అక్కడే ఉండిపోతే శబ్దం ఆగిపోతుంది, నోరు కూడా సగంలో ఆగిపోతుంది. ఇవేవీ లేకుండా కేవలం నమిలే కండరాలు బిగుసుకుపోయి నొప్పి పెట్టడం అన్నిటికంటే మామూలు. బుగ్గ వెనక ఉండే పెద్ద కండరం, కణతల మీది కండరం, ఈ రెండూ పళ్ళు బిగబట్టే అలవాటుకి బలవుతాయి. అందుకే చాలామందికి తలనొప్పి కూడా తోడవుతుంది.

మన ప్రాంతంలో ఒక సంగతి ప్రత్యేకంగా చూసుకోవాలి, ఇది నేను నొక్కి చెప్తున్నాను. నోరు తెరుచుకోకపోతే అది కీలే అనుకోకండి. మా పక్కింటి వదిన తమ్ముడు, ముప్ఫై దాటలేదు, ఎప్పుడూ జేబులో గుట్కా పొట్లం, "నాక్కూడా లేజర్ పెట్టించు అక్కా" అని వచ్చాడు. నోరు తెరవమంటే రెండు వేళ్ళు పట్టాయి. ఫోన్ టార్చ్ వేసి చూస్తే బుగ్గ లోపలంతా పాలిపోయి తెల్లగా ఉంది, వేలు పెట్టి తడిమితే నిలువునా తాళ్ళు బిగించినట్టు. ఏడాదిగా పచ్చడి తగిలితే మంటట, నెలనెలా నోరు చిన్నదవుతోందట, చెవి దగ్గర మాత్రం నొప్పే లేదట. అది గుట్కా, వక్క వల్ల బుగ్గ చర్మం గట్టిపడే జబ్బు, క్యాన్సర్‌గా మారే అవకాశం ఉన్నది. కీలుకి లేజర్ పెడితే దానికి ఒరిగేదేమీ లేదు, పైగా అనుమానం ఉన్న చోట లైట్ వేయనే కూడదు. అప్పటికప్పుడు పళ్ళ డాక్టరు దగ్గరికి పంపించాం.

జ్ఞానదంతం దగ్గర చిగురు వాచినా నోరు పట్టేస్తుంది. జ్వరం, బుగ్గ వాపు, చీము రుచి ఉంటే ఆ రోజే డాక్టరుకి చూపించాలి. తుప్పు మేకు గుచ్చుకున్న కొన్నాళ్ళకి దవడ బిగుసుకుంటే అది ధనుర్వాతం కావచ్చు, నేరుగా ఆస్పత్రే. మెట్లెక్కినప్పుడు దవడ లాగి, చెమట పట్టి, ఆయాసం వస్తే గుండె. 50 దాటినవాళ్ళకి కొత్తగా కణత దగ్గర తలనొప్పి మొదలై, నములుతుంటే దవడ అలసిపోయి, చూపు మసకేస్తుంటే ఒక్క రోజు కూడా ఆగకూడదు, రక్తనాళాల వాపు ఒకటి ఇలా వచ్చి కంటిచూపు తీసేస్తుంది. మానని పుండు, మెడలో గడ్డ, ముఖం మొద్దుబారడం, ఇవి ఉన్నా లేజర్ మాట పక్కనపెట్టండి.

ఇంకొకటి. నొప్పి లేకుండా, నోరు బాగా తెరుచుకుంటూ ఉత్తి టక్ శబ్దం మాత్రమే ఉంటే దానికి ట్రీట్‌మెంట్ అక్కర్లేదు. శబ్దం పోగొడతామని లేజర్ అమ్మేవాళ్ళని నమ్మకండి. లైట్ డిస్కుని తోసి చోటికి తీసుకురాదు.

రెండోది: కొలత రాసుకోండి

టైలర్ని కాబట్టి నాకు ఇది నచ్చింది. నోరు ఎంత తెరుచుకుంటోందో మిల్లీమీటర్లలో కొలిచి తేదీ వేసి రాసుకోవాలి. ప్లాస్టిక్ స్కేలుకి సున్నా ముందు కాస్త ఖాళీ ఉంటుంది, దాంతో కొలిస్తే ప్రతిసారీ తేడా వస్తుంది. టేపుకి రేకు అంచు దగ్గరే సున్నా, సబ్బుతో కడిగి సెంటీమీటర్ల వైపు వాడండి. పై ముందు పన్ను అంచు నుంచి దాని కింది పన్ను అంచు దాకా, రోజూ అదే పన్ను. ముందు నొప్పి లేకుండా ఎంత, తర్వాత ఓర్చుకుంటే ఎంత, రెండంకెలు. పెద్దవాళ్ళకి మామూలుగా 40 నుంచి 50 మి.మీ. ఉంటుంది. 35 కంటే తక్కువుంటే డాక్టరుకి చూపించాల్సిందే. టేపు లేకపోతే మీ సొంత వేళ్ళు మూడు నిలువుగా పడుతున్నాయో లేదో చూడండి. నాకు మొదటి రోజు 27.

అద్దం మీద పైనొకటి కిందొకటి బొట్టుబిళ్ళ అంటించి మధ్యలో నిలువుగా దారం లాగండి. గడ్డం మధ్యభాగం దారం వెంబడి దిగుతోందా, పక్కకి పోతోందా చూడండి. నాది కుడికి పోయేది, ఆ వైపే నొప్పి. ఈ రెండు ముక్కలూ చెప్తే డాక్టరు పని సగం తగ్గుతుంది, పైగా పది సిట్టింగుల తర్వాత "ఏదో కాస్త బాగున్నట్టుంది" అనే తికమక ఉండదు.

మూడోది: ఎవరి దగ్గరికి

జిల్లా ఆస్పత్రి పళ్ళ ఓపీతో మొదలుపెట్టండి, దగ్గర్లో అదే చవక. అక్కడ పన్ను నొప్పి, చీము, గుట్కా జబ్బు కాదని తేలితే సగం భయం పోతుంది. ఆ తర్వాత కావాల్సింది ఓరల్ మెడిసిన్ లేదా ఓరల్ సర్జరీ చదివిన ఎండీఎస్ (పళ్ళ వైద్యంలో పై చదువు) డాక్టరు. ఒడిశా ప్రభుత్వ డెంటల్ కాలేజీ కటక్‌లో ఉంది, మనకి మాత్రం కటక్ కంటే విశాఖ దగ్గర, రైలెక్కితే చాలు. డెంటల్ కాలేజీల్లో అన్ని విభాగాలూ ఒకే చోట ఉంటాయి, ఫీజు కూడా బయటి కంటే తక్కువుంటుంది, కాకపోతే పొద్దున్నే వెళ్ళి చీటీ రాయించుకోవాలి.

డాక్టరు మీ దవడ ముట్టుకోవాలి. కణతలు, బుగ్గలు నొక్కి "ఇదేనా మీకు రోజూ వచ్చే నొప్పి?" అని అడగాలి, కీలు మీద వేలు పెట్టి నోరు తెరిపించాలి. దవడ నొప్పిని నిర్ధారించడానికి 2014లో వచ్చిన అంతర్జాతీయ పద్ధతి కూడా ఇదే చెప్తుంది: మీరు చెప్పింది, చేత్తో చూసింది, ఈ రెండే ముఖ్యం. ఓపీజీ ఎక్స్‌రే (దవడ మొత్తం ఒకే ఫిల్ములో వచ్చేది) ఎముక చూపిస్తుంది, డిస్కుని చూపించదు. డిస్కు కనిపించాలంటే ఎమ్మారై, అది అందరికీ అక్కర్లేదు. నేను మొదట వెళ్ళిన ఒక క్లినిక్‌లో, పేరెందుకు గానీ, కుర్చీలో కూర్చోకముందే 15 సిట్టింగుల ప్యాకేజీ అన్నారు, సగం ఇప్పుడే కట్టమన్నారు. దవడ మీద ఒక్క వేలు కూడా పెట్టలేదు. లేచి వచ్చేశాను. తర్వాత విశాఖలో చూపిస్తే తేలింది ఏంటంటే, నాకు ప్రధానంగా కండరాల నొప్పి, కీలుకి కొంచెం వాపు, డిస్కు అప్పుడప్పుడు జారుతోంది.

అసలు ఈ లేజర్ ఏం చేస్తుంది

కోసే లేజర్ వేరు, ఇది వేరు. ఇది చర్మాన్ని కాల్చనంత తక్కువ శక్తి ఉన్న లైట్. 1967లో బుడాపెస్ట్‌లో ఎండ్రే మెస్టర్ అనే డాక్టరు ఎలుకల వీపు గొరిగి బలహీనమైన లేజర్ వేస్తే అక్కడ వెంట్రుకలు తొందరగా మొలిచాయి, అక్కణ్ణుంచి మొదలైంది ఈ కథ. ఇప్పుడు దీన్ని ఫోటోబయోమాడ్యులేషన్ అంటున్నారు, మన నోటికి తిరగదు. కణాల్లో శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలో ఒక ఎంజైమ్ ఈ వెలుతురుని పీల్చుకుంటుందని, దాంతో కణానికి శక్తి పెరిగి వాపు, నొప్పి సంకేతాలు తగ్గుతాయని ఎక్కువమంది చెప్పే వివరణ.

పని చేస్తుందా అంటే, నిజం చెప్పాలి కదా. చిన్నచిన్న పరీక్షలు చాలా జరిగాయి. కొన్నిట్లో నొప్పి తగ్గింది, నోరు కొంచెం ఎక్కువ తెరుచుకుంది, కొన్నిట్లో స్విచ్ వేయకుండా ఉత్తినే ప్రోబ్ (లైట్ వచ్చే పుల్ల) పెట్టిన వాళ్ళకి కూడా దాదాపు అంతే తగ్గింది. ఒకరు వాడిన లైట్ ఇంకొకరు వాడలేదు కాబట్టి పోల్చడమూ కష్టమే. 2023 చివర్లో బీఎంజే అనే బ్రిటిష్ వైద్య పత్రికలో దవడ దీర్ఘకాలిక నొప్పి మీద ఒక మార్గదర్శకం వచ్చింది. అందులో గట్టిగా చేయమన్నవి దవడ వ్యాయామాలు, ఫిజియో చేత్తో చేసే వైద్యం, ఆలోచనా అలవాట్లు మార్చే కౌన్సెలింగ్ లాంటివి. లేజర్‌ని "మామూలుగా వద్దు" అనే వరసలో పెట్టారు, గట్టిగా నిషేధించలేదు గానీ. రాత్రి పళ్ళకి తొడుక్కునే గార్డు కూడా అదే వరసలో ఉంది.

మరి నేనెందుకు పెట్టించుకున్నాను? నొప్పి వల్ల వ్యాయామం చేయలేకపోయాను. నొప్పి మాత్రలు నా కడుపుకి పడవు. "మూడు వారాలు లేజర్‌తో నొప్పి తగ్గితే, ఆ సందులో వ్యాయామం మొదలుపెడదాం" అన్నారు డాక్టరుగారు. ఆ మాట నాకు సబబుగా అనిపించింది. మీరూ పెట్టించుకుంటే ఈ లెక్కనే పెట్టించుకోండి, వ్యాయామానికి దారి చేయడానికి. వ్యాయామం లేకుండా లేజర్ ఒక్కటే అంటే డబ్బులు దండగ అని నా అభిప్రాయం.

నాలుగోది: చీటీ మీద రాయించుకోవాల్సిన అంకెలు

మన దగ్గర డాక్టరు ఒడియాలోనో హిందీలోనో మాట్లాడతారు, విశాఖలో తెలుగు, రిపోర్టు ఇంగ్లీషు. అంకెలకి భాష లేదు కాబట్టి అవి రాయించుకుంటే ఊరు మారినా అదే ట్రీట్‌మెంట్ కొనసాగించొచ్చు.

ఒకటి, వేవ్‌లెంగ్త్, అంటే ఏ రకం లైటో చెప్పే అంకె, నానోమీటర్లలో. 650 లాంటి ఎర్ర లైట్ పైపైనే ఆగిపోతుంది. కీలు దాకా, లోపలి కండరం దాకా వెళ్ళాలంటే కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ కావాలి, దవడకి ఎక్కువగా 780 నుంచి 980 మధ్య వాడతారు. రెండు, పవర్, మిల్లీవాట్లలో. లేజర్లని ప్రమాదాన్ని బట్టి క్లాసులుగా విడదీస్తారు: 500 దాకా క్లాస్ 3బీ, అది దాటితే క్లాస్ 4, దీంతో చర్మం వేడెక్కుతుంది కాబట్టి ప్రోబ్‌ని ఒకేచోట ఆపకుండా కదుపుతూ ఉండాలి. మూడు, ఒక్కో చోట ఎన్ని సెకన్లు. పవర్‌ని వాట్లలోకి మార్చి ఈ సెకన్లతో గుణిస్తే జూల్స్, అంటే ఆ చోట పడిన మొత్తం శక్తి, వస్తాయి. 100 మిల్లీవాట్లంటే 0.1 వాటు, 40 సెకన్లు పెడితే 4 జూల్స్. అదే 200 మిల్లీవాట్లయితే 20 సెకన్లకే 4. నాలుగు, ఎన్ని చోట్ల, వారానికి ఎన్నిసార్లు.

ఎక్కువ పెడితే ఎక్కువ మేలు అనుకునేరు. పట్టు బట్టకి ఇస్త్రీ లాంటిది ఇది, వేడి చాలకపోతే ముడత పోదు, మించితే బట్ట పాడు. డోసు మించితే లైట్ చేసే పనే తగ్గిపోతుందని ల్యాబ్ పరీక్షల్లో చూశారు. అందుకే "ఇవాళ కాస్త ఎక్కువ పెట్టండి సార్, దూరం నుంచి వచ్చాను" అని బతిమాలొద్దు. నేను బతిమాలాను. ఆయన నవ్వి టైమర్ చూపించారు.

చాలా పళ్ళ క్లినిక్కుల్లో చిగుళ్ళు కోసే డయోడ్ లేజర్ ఉంటుంది. నొప్పికి కూడా ఆ మెషినే వాడొచ్చు, కానీ దానికి వేరే హ్యాండ్‌పీసు, తక్కువ సెట్టింగు ఉండాలి. "నొప్పికి వేరే హ్యాండ్‌పీసు ఉందాండీ?" అని అడగడంలో తప్పేం లేదు.

ఐదోది: సిట్టింగు రోజు

దుద్దులు, ముక్కుపుడక, మెడలో మెరిసేవి తీసేయండి, లైట్ వాటి మీద పడి ఎటో తిరుగుతుంది. పౌడర్, క్రీమ్ కడిగేసుకుని వెళ్ళండి. మగవాళ్ళకి దట్టమైన గడ్డం ఉంటే ఆ మేరకు గీసుకోవాలి, వెంట్రుకలు లైట్‌ని ఆపేస్తాయి. చామనఛాయ, నలుపు చర్మం లైట్‌ని ఎక్కువ పీల్చుకుంటుంది, కాబట్టి క్లాస్ 4 మెషిన్ అయితే చురుక్కుమనగానే చెప్పేయాలి, ఓర్చుకోవడం గొప్ప కాదు.

గర్భిణి అయితే, థైరాయిడ్ జబ్బు ఉంటే, క్యాన్సర్ వచ్చి తగ్గినా, మూర్ఛ ఉన్నా ముందే చెప్పండి. మొటిమలకో ఇన్‌ఫెక్షన్‌కో డాక్సీసైక్లిన్ లాంటి, ఎండ పడనివ్వని మందులు వాడుతుంటే అదీ చెప్పండి. మీరు వాడే మాత్రల స్ట్రిప్పులు కవర్లో వేసుకెళ్తే పని తేలిక.

గదిలోకి వెళ్ళగానే కళ్ళద్దాలు ఇవ్వాలి, మీకూ, పెట్టేవాళ్ళకీ, తోడొచ్చినవాళ్ళు లోపల ఉంటే వాళ్ళకీ. మామూలు చలవ కళ్ళద్దాలు కావు, ఆ మెషిన్ వేవ్‌లెంగ్త్‌కి సరిపోయేవి, అంకె వాటి మీదే రాసి ఉంటుంది. కనబడని లైట్ కాబట్టే ఎక్కువ ప్రమాదం, రెప్ప వేసుకునే లోపే కంటిపాప వెనక దెబ్బ తగలొచ్చు. అద్దాలు లేవంటే సిట్టింగు వద్దు, ఇక్కడ మొహమాటం పడకండి.

నాకు చేసింది ఇలా. ప్రోబ్ చివర పెన్ను మూత అంత ఉంటుంది, దాని మీద పల్చటి ప్లాస్టిక్ చుట్టారు, ఒకరి నుంచి ఒకరికి అంటకుండా. నోరు కాస్త తెరిచి ఉంచమని చెవి ముందు కీలు చుట్టూ నాలుగు చోట్ల, చర్మానికి నిలువుగా ఆనించి కొద్దిగా నొక్కిపెట్టి, ఒక్కోచోట 40 సెకన్లు. తర్వాత పళ్ళు బిగించమని, ఉబ్బిన బుగ్గ కండరం మీద మూడు చోట్లు గుర్తుపెట్టి, వదులు చేయించి అక్కడ. కణత మీద రెండు. వేడి లేదు, నొప్పి లేదు, బీప్ శబ్దం తప్ప ఏమీ తెలియదు. కొసన కనిపించే ఎర్ర చుక్క గురి కోసం, అసలు లైట్ అది కాదు. మొత్తం పది నిమిషాల్లోపే. "ఇంతేనా!" అనుకున్నాను, మా ఆయన బయట టీ తాగి వచ్చేలోపే అయిపోయింది.

వారానికి రెండు లేదా మూడు, మొత్తం 8 నుంచి 12 సిట్టింగులు మామూలుగా చెప్తారు. పూర్తి డబ్బు ముందే కట్టకండి. నా లెక్క ప్రకారం ఆరో సిట్టింగుకి నొప్పిలో గానీ టేపు మీద గానీ తేడా లేకపోతే ఆపేసి డాక్టరుతో మళ్ళీ మాట్లాడాలి. మొదటి ఒకటి రెండు రోజులు నొప్పి కాస్త రేగడం కొందరికి ఉంటుంది, నాకు రెండో సిట్టింగు రాత్రి అలాగే అయింది. ప్రతిసారీ విశాఖ పోలేక, నిర్ధారణ అక్కడ చేయించి, చీటీ పట్టుకుని పార్వతీపురంలో పెట్టించుకున్నాను. గతుకుల రోడ్డు మీద పళ్ళు బిగబట్టుకుని కూర్చుంటే పెట్టించుకున్నదంతా దారిలోనే పోతుంది, అది కూడా చూసుకోండి.

ఆన్‌లైన్‌లో దొరికే లేజర్ పెన్నులు కొనకండి. దాని మీద రాసిన పవర్ నిజమో కాదో తెలియదు, ఇంట్లో పిల్లలకి దొరికితే కళ్ళు పోతాయి.

ఆరోది: ఇంట్లో చేయాల్సింది (అసలు పని ఇదే)

పెదాలు మూసి, పళ్ళు ఎడంగా, నాలుక పై అంగిట్లో. 'ల' అనడానికి నాలుక కొస ఎక్కడ తగులుతుందో అక్కడ ఉంచండి. పళ్ళు ఒకదానికొకటి తగలాల్సింది నమిలేటప్పుడు, మింగేటప్పుడు మాత్రమే. నేను మెషిన్ చక్రం మీద ఎర్ర రిబ్బను ముక్క అంటించాను, అది కంట పడ్డప్పుడల్లా దవడ వదులు చేయడం. మొదటి రోజు ఎన్నిసార్లు బిగబట్టి ఉన్నానో చూసుకుంటే సిగ్గేసింది, సూదిలో దారం ఎక్కించిన ప్రతిసారీ.

నాలుక కొస అంగిటికి ఆనించి, అది జారకుండా నోరు ఎంత తెరుచుకుంటే అంత తెరిచి మూయడం, నిదానంగా, 6 సార్లు. ఇలా రోజుకి 6 విడతలు. రెండో వారం నుంచి ఫిజియో చూపించినట్టు వేళ్ళతో కొద్దిగా సాగదీయడం. లాగినట్టుండాలి గానీ పోటు రాకూడదు. వ్యాయామానికి ముందు గోరువెచ్చని తడిగుడ్డ 10 నిమిషాలు బుగ్గకి కాపడం.

తిండి రెండు మూడు వారాలు మెత్తగా: మండియా (రాగి) జావ, చద్దన్నం, పప్పన్నం, ఉప్మా. జంతికలు, వేరుశనగ ఉండలు, జామకాయ, మాంసం ముక్క పక్కన పెట్టండి. పాన్ నమిలేవాళ్ళకి చెప్పేదేముంది, రోజంతా దవడని పనిలో పెట్టి సాయంత్రం లైట్ పెట్టించుకుంటే ఏం లాభం. అలాగని నెలల తరబడి జావలోనే ఉండిపోకూడదు, కండరం బలహీనపడుతుంది. ఆవలింత వచ్చినప్పుడు గడ్డం కింద పిడికిలి ఆనించండి. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించి కుట్టడం మానేశాను, అది చాలా కష్టమైంది.

టేపు లెక్క: మొదట 27, మూడో సిట్టింగుకి 29, ఆరోదానికి 34, పదోదానికి 38. లేజర్ అక్కడితో ఆపేశాం. ఆ తర్వాత ఉత్తి వ్యాయామంతో రెండు నెలలకి 43. ఇందులో లైట్ వాటా ఎంత, రిబ్బను వాటా ఎంత అంటే నేను చెప్పలేను. టక్ శబ్దం ఇప్పటికీ ఉంది, నొప్పి లేదు.

మళ్ళీ రేగితే వెంటనే సిట్టింగుకి పరిగెత్తకండి. ఒక వారం మెత్తటి తిండి, కాపడం, 6 విడతల వ్యాయామం, టేపు. వారానికీ అంకె పెరగకపోయినా, శబ్దం ఆగిపోయి నోరు హఠాత్తుగా సగంలో ఆగిపోయినా పాత చీటీ పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి, డిస్కు ఇరుక్కుంటే తొందరగా చూపిస్తేనే తేలిక. సంక్రాంతి గిరాకీలో నాకు ఒకసారి రేగింది. చూస్తే కత్తెర ఎక్కడో పెట్టి మర్చిపోయి రెండు రోజులుగా మళ్ళీ దారం కొరుకుతున్నాను. ఇప్పుడు చిన్న కత్తెరని నాడాతో మెషిన్‌కే కట్టేశాను.